రేనాటి ఊళ్లు: పెన్న గండి మీద గండికోట

కడప జిల్లా పశ్చిమోత్తర భాగంలో పెన్నానది ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, యర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం ప్రాంతాలను కలుపుకొని ఉన్న నేలను ప్రాచీన శాసనాలు రేనాడు అని పిలిచాయి. కలమళ్ల శాసనం, అంటే క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోడుడు ధనంజయుడు వేయించినదిగా, తెలుగులో తొలి శాసనంగా పండితులు గుర్తించిన శిలాలేఖ, ఈ నేలదే. కలమళ్లకు పడమటి దిక్కున, జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్న కుడిగట్టున ఎర్రమల కొండల మీద ఉన్న చిన్న గ్రామం గండికోట. ఈ పేరు వినగానే పాఠకుడికి కోట గుర్తుకు వస్తుంది కానీ ఊరు గుర్తుకు రాదు. అయితే కోట గోడల లోపల ఇళ్లు, వీధులు, పశువులు, పొలాలకు వెళ్లే దారులు ఉన్న ఒక పల్లె నేటికీ ఉంది, రాజులూ నవాబులూ దొరలూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయిన తర్వాత అక్కడ మిగిలినది ఆ పల్లే.

ఈ ఊరి చరిత్రను అర్థం చేసుకోవడానికి ముందుగా దాని కింద ఉన్న రాతిని అర్థం చేసుకోవాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప హరివాణం అని పిలిచే నెలవంక ఆకారపు పల్లపు ప్రాంతం సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉంది. కోట్ల ఏళ్ల పాటు నీటి అడుగున పేరుకున్న ఇసుక, ఒండ్రు, సున్నం గట్టిపడి పొరలు పొరలుగా రాయిగా మారిన చోటు ఇది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ రాళ్ల మీద ప్రచురించిన గ్రంథం తర్వాత, ఇక్కడి పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే స్థిరపడ్డాయి. వేంపల్లె పేరుతో సున్నపురాతి వంటి డోలమైట్ పొర, పులివెందుల పేరుతో ఒక క్వార్ట్జైట్ పొర, తాడిపత్రి పేరుతో పలకరాతి పొర, దాని మీద గండికోట పేరుతో మరో క్వార్ట్జైట్ పొర వరుసగా ఉన్నాయి. క్వార్ట్జైట్ అంటే ఇసుకరాయి భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గురై మరింత బిగుసుకున్న గట్టిరాయి. ఈ పొరల మధ్యకు కరిగిన శిల చొచ్చుకుపోయి చల్లబడిన చోట్లు కూడా ఉన్నాయి. పులివెందుల దగ్గరి అటువంటి చొరబాటు రాతి వయస్సును శాస్త్రజ్ఞులు సుమారు 188 కోట్ల సంవత్సరాలుగా తేల్చారు.

గండికోట దగ్గర పెన్న ఈ గట్టిరాతిని నిలువునా కోసుకుంటూ వెళ్లింది. కొండల వరుసను నది చీల్చుకొని పోయే ఇరుకైన దారిని రాయలసీమలో గండి అంటారు. ఈ ప్రాంతంలోనే అటువంటి గండి మరొకటి ఉంది: పులివెందులకు తూర్పున, వేంపల్లె దగ్గర పాపఘ్ని నది శేషాచలం కొండల వరుసను చీల్చుకుని వచ్చే చోటును జనం ఉత్త గండి అనే పిలుస్తారు, అక్కడి ఆంజనేయస్వామి గుడికి శ్రావణమాసంలో జనం పోటెత్తుతారు. పాపఘ్ని గండి పుణ్యక్షేత్రంగా మిగిలిపోగా, పెన్న గండి యుద్ధక్షేత్రంగా మారడానికి కారణం వాటి ఆకృతిలోనే ఉంది. గండికోట దగ్గర నదికి ఇరువైపులా సుమారు 300 అడుగుల ఎత్తున, పలకలు పేర్చినట్టు అడ్డుపొరలుగా కనిపించే ఎర్రటి రాతిగోడలు నిలబడి ఉన్నాయి. ఉత్తరాన, పడమట ఈ లోయ సహజమైన కందకంగా కాపలా కాస్తుంది. మిగిలిన దిక్కుల్లో కొండ ఏటవాలుగా ఉంది, అక్కడ మాత్రమే మనుషులు గోడ కట్టుకోవలసిన అవసరం ఉంది. కోట కట్టినవాడి పనిలో సగం నది ముందే చేసిపెట్టింది.

కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్న, తాడిపత్రి దాటాక కడప జిల్లాలో ప్రవేశిస్తుంది. కొండాపురం ప్రాంతంలో చిత్రావతిని కలుపుకొని, గండిలో దూరి, మైలవరం దగ్గర బయటపడి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా తూర్పుకు సాగుతుంది. గండి దాటిన తర్వాత భూమి స్వభావం ఒక్కసారిగా మారుతుంది. కొండ మీద ఎర్రమట్టి, రాతి పరుపు, ముళ్లకంప ఉంటే, కిందికి దిగగానే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తాలూకాల నల్లరేగడి మొదలవుతుంది. పత్తి, జొన్న, కొర్ర, శనగ పండే ఈ రేగడి కింద నాపరాయి పరుచుకొని ఉంది. దేశమంతటా కడప బండలుగా పేరుపడి ఇంటింటి నేలకూ వంటగదికీ చేరిన రాయి ఇదే, యర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలిసినదీ ఈ సున్నపురాయి కోసమే. ఈ రాతి వరుసలో అడుగున ఉండే బనగానపల్లె పొరలో వజ్రాలు దొరుకుతాయి, పెన్న తీరాన కడప దగ్గరి చెన్నూరులో పూర్వం వజ్రాల తవ్వకాలు సాగాయి. కొండ మీద కూర్చున్న పాలకుడికి కింద పత్తి, ధాన్యం, వజ్రాలు మూడూ చేతికందే దూరంలో ఉండేవన్న సంగతి గుర్తుపెట్టుకుంటే, ఎన్నో రాజవంశాలు ఈ రాతిబోడి మీద ఎందుకు కన్నేశాయో వేరే చెప్పవలసిన పని ఉండదు.

నది ఊళ్లను నిలబెట్టడమే కాక, పూడ్చిపెట్టిన సందర్భాలూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. జమ్మలమడుగుకు సమీపంలో పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో, ఇసుక మేటల కింద కప్పబడిపోయిన జైన క్షేత్రాన్ని పురావస్తు శాఖ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో తవ్వి తీసింది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు, అంటే నిత్యవర్షుడు, శాంతినాథ తీర్థంకరుని అభిషేకానికి చేయించిన పీఠం, సల్లేఖన వ్రతంతో దేహం విడిచినవారి స్మారకంగా నిలిపిన నిసిధి శిలలు అక్కడ వెలుగు చూశాయి. సల్లేఖన అంటే ఆహారాన్ని క్రమంగా విడిచి మరణాన్ని స్వీకరించే జైన సంప్రదాయం. పదవ శతాబ్దిలో చక్రవర్తుల దృష్టిలో పడినంత పెద్ద క్షేత్రం ఆ తర్వాత ఇసుక కింద ఉండిపోయింది; గండికోట ఊరు కొండ మీద ఉండడం వల్ల ఆ గతి పట్టలేదు.

ఊరి పుట్టుక గురించి లిఖితపూర్వకంగా దొరికే ప్రధానమైన ఆధారం గండికోట కైఫియత్తు. కైఫియత్తు అంటే గ్రామ కరణాల దగ్గర ఉన్న పాత లెక్కలు, శాసనాల నకళ్లు, పెద్దల నోటి మాటలు కలిపి రాయించిన ఊరి చరిత్ర. తర్వాతి కాలంలో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సహాయంతో 19వ శతాబ్ది మొదట్లో వీటిని సేకరించాడు. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఇటువంటి రాతప్రతులకు నకళ్లు తీయించి కాపాడాడు. కైఫియత్తు ప్రకారం కల్యాణి చాళుక్య ప్రభువైన ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు, పక్కనే ఉన్న బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు, 1123లో ఇక్కడ మొదట మట్టికోట కట్టించాడు.

ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మడానికి ఒక అడ్డంకి ఉంది. ఆహవమల్ల బిరుదున్న మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123 నాటికి కల్యాణి సింహాసనం మీద ఉన్నది అతని కొడుకు ఆరవ విక్రమాదిత్యుడు. తేదీ సరైనదైతే రాజు పేరు తప్పు, రాజు పేరు సరైనదైతే తేదీ తప్పు. కైఫియత్తులను చదివేవారు ఎప్పుడూ ఎదుర్కొనే చిక్కే ఇది. కరణం తనకు దొరికిన సంవత్సరానికి తనకు తెలిసిన గొప్ప రాజు పేరును జోడించి ఉండవచ్చు. అయినా కోట చాళుక్యుల కాలంలో మొదలైందనీ, దాన్ని కట్టించినవాడు చక్రవర్తి కాక స్థానికంగా ఒక పల్లెకు చెందిన పెత్తందారు అనీ చెప్పే భాగాన్ని కొట్టివేయడానికి కారణం కనిపించదు. ఊరి వాళ్లే ఊరి కొండ విలువను ముందుగా గ్రహించి ఉంటారన్నది నమ్మదగిన మాట.

ఇటువంటి ఊరి దస్తావేజుల విలువ ఒక్క తెలుగు నేలకే పరిమితం కాదు. పాలస్తీనాలోని చిన్న చిన్న పల్లెల చరిత్రను రాసేవారు తరచుగా మొదలుపెట్టేది ఒట్టోమన్ ప్రభుత్వపు 1596 నాటి పన్నుల దఫ్తరుతో. ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలు, గోధుమ, బార్లీ, ఆలివ్ చెట్లు, మేకలు, తేనెపట్టుల మీద ఎంత పన్ను అన్నది అందులో ఊరూరికీ రాసి ఉంది. తర్వాతి కాలంలో ఆ పల్లెల్లో అనేకం నిర్జనమై, నేలమట్టమైనప్పుడు, అవి ఉండేవని నిరూపించిన కాగితాల్లో పన్ను గుమాస్తా రాసిన ఆ లెక్క ఒకటి. మన కరణాల దండకవిలెలు, అంటే గ్రామ భూముల, ఆదాయాల చిట్టాలు, అదే జాతికి చెందిన రాతలు. పాలకుడు తన ఖజానా కోసం రాయించుకున్నదే తర్వాతి తరాలకు ఊరి జ్ఞాపకంగా మారింది.

కాకతీయుల కాలంలో గండికోట ఒక రాజకీయ కేంద్రంగా స్పష్టంగా కనిపిస్తుంది. పానగల్లు నుంచి వల్లూరు వరకు విస్తరించిన దక్షిణ భాగాన్ని కాకతీయుల తరఫున కాయస్థ నాయకులు పాలించారు. వారిలో అంబదేవుడు రాణీ రుద్రమదేవిపై తిరుగుబాటు చేసి స్వతంత్రించాడు. అతని తర్వాత ఈ ప్రాంతాన్ని తిరిగి అదుపులోకి తెచ్చుకున్న ప్రతాపరుద్రుడు, 14వ శతాబ్ది తొలి పాదంలో జుట్టయ లెంక గొంకారెడ్డిని గండికోటలో అధికారిగా నియమించాడు. లెంక అంటే ప్రభువు కోసం ప్రాణమివ్వడానికి ప్రమాణం చేసిన సేవకుడు. సరిహద్దులోని దుర్గాన్ని అటువంటివాడి చేతిలో పెట్టడం బట్టి ఆ చోటు మీద ఓరుగల్లుకు ఎంత అనుమానం, ఎంత అవసరం ఉన్నాయో గ్రహించవచ్చు. 1323లో ఓరుగల్లు పతనమైంది.

విజయనగర రాజ్యంలో గండికోట ఒక సీమకు, అంటే పరిపాలనా విభాగానికి, పేరుగా నిలిచింది. ఇక్కడ అధికారం నెరపిన పెమ్మసాని వారు నాయంకర పద్ధతిలో సీమను అనుభవించారు: నాయకుడు రాజు నుంచి భూమి పొంది, దాని ఆదాయంలో కొంత భాగాన్ని రాజుకు కట్టి, మిగిలిన దానితో నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని పోషించి, పిలుపు వచ్చినప్పుడు యుద్ధానికి తేవాలి. శ్రీకృష్ణదేవరాయల దండయాత్రల కథ చెప్పే రాయవాచకంలో పెమ్మసాని రామలింగ నాయుడు ప్రముఖ పాత్ర. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారడంతో, గండికోట రాజ్యం లోపలి దుర్గంగా ఉండడం మానేసి గోల్కొండకు ఎదురుగా ముందువరసలోకి వచ్చింది. 16వ శతాబ్ది చివర మహమ్మద్ కులీ కుతుబ్ షా సైన్యాలు దీన్ని పట్టుకోవడం, వెంకటపతిరాయల పక్షం తిరిగి గెలుచుకోవడం జరిగాయి.

నేడు ఊళ్లో కనిపించే కట్టడాల్లో మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి విజయనగర శైలికి చెందినవి. మాధవరాయ ఆలయ గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. మంటపాల స్తంభాల మీది శిల్పం హంపి, తాడిపత్రి, లేపాక్షి చూసిన కంటికి కొత్తగా అనిపించదు. కానీ ఊరి జీవితాన్ని తెలుసుకోవాలనుకునే వారికి గుడి కంటే చెరువు ముఖ్యం. మూడు వందల అడుగుల లోతున నది పారుతున్నా కొండ మీది మనిషికి ఆ నీరు అందదు. ముట్టడిలో చిక్కుకున్న కోటకు అసలు అందదు. అందుకే కోట లోపల రాయల చెరువు, కత్తుల కోనేరు వంటి జలాశయాలను ఏర్పరచి వాననీటినీ ఊటనీటినీ నిలవ చేసుకున్నారు. కత్తుల కోనేరుకు ఆ పేరు యుద్ధం నుంచి వచ్చిన సైనికులు రక్తపు కత్తులు కడగడం వల్ల వచ్చిందని ఊరివాళ్లు చెబుతారు. పర్యాటకులకు ఆ కథే నచ్చుతుంది. ధాన్యాగారంగా పిలిచే పెద్ద కమానుల కట్టడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ధాన్యమూ నీళ్లూ ఉన్నంత కాలమే ఏ దుర్గమైనా దుర్గం.

1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. ఇరాన్‌లోని అర్దెస్తాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గోల్కొండ రాజ్యంలో మంత్రి స్థానానికి ఎదిగిన మీర్ మహమ్మద్ సయీద్ ఇతడు. అప్పటి పాలకుడు పెమ్మసాని చినతిమ్మా నాయుడు. కోట బలంతో పడలేదనీ, పొదిలి లింగన్న అనే మంత్రి ప్రభువుకు విషం పెట్టించడంతో పడిందనీ స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఓడిన దుర్గాల కథల్లో ఇంటిదొంగ తప్పకుండా ఉంటాడు. ఫిరంగుల దెబ్బకు ఓడామని చెప్పుకోవడం కంటే ద్రోహానికి ఓడామని చెప్పుకోవడం ఊరికి తక్కువ అవమానం. లింగన్న కథ అబద్ధమని తేల్చడానికి ఆధారం లేకపోయినా, ఫిరంగుల సంగతిని పక్కన పెట్టడం కుదరదు, ఎందుకంటే దాన్ని చెప్పినది కొద్దికాలానికే ఆ కొండ ఎక్కిన ఒక విదేశీయుడు.

ఫ్రెంచి రత్నవ్యాపారి జాన్ బాప్తిస్త్ తవెర్నియే మద్రాసు నుంచి గోల్కొండకు పోతూ, మీర్ జుమ్లాను కలవడం కోసం 1652 సెప్టెంబరులో గండికోటకు వచ్చాడు. కర్ణాటక రాజ్యంలోని బలమైన పట్టణాలలో ఇది ఒకటని, దీనికి ఎక్కే దారి ఒక్కటేనని, కొన్నిచోట్ల అది ఏడెనిమిది అడుగుల వెడల్పుకు మించదని, పక్కన భయంకరమైన లోయ ఉందని అతడు రాశాడు. మీర్ జుమ్లా కొలువు గురించి అతడు ఇచ్చిన వర్ణన పాలనా చరిత్రకారులకు ఎంతో ఉపయోగపడింది: నవాబు పాదరక్షలు లేకుండా కూర్చుని, జవాబు రాయవలసిన ఉత్తరాలను కాలివేళ్ల మధ్య, ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి లేఖకులకు జవాబు చెబుతూ, మధ్యలో నేరస్థుల విచారణ కూడా జరిపిస్తూ ఉన్నాడట. వ్యాపారి, సేనాని, మంత్రి ఒకే మనిషిలో కూర్చున్న తీరును దీనికంటే బాగా పట్టిచూపిన పేరా ఆ కాలపు రాతల్లో అరుదు.

ఫిరంగుల పోత గురించి కూడా తవెర్నియే రాశాడు. బూర్జ్ పట్టణానికి చెందిన క్లోద్ మాయ్ అనే ఫ్రెంచివాడిని నవాబు గండికోటలో ఫిరంగులు పోయడానికి నియమించాడు. ఇందుకు కావలసిన రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని లోహవిగ్రహాలను తెప్పించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని, పూజారులు మంత్రం వేశారని నవాబు వారిని బెదిరించాడని, చివరకు మాయ్ అనుకున్న పని పూర్తి చేయకుండానే కొలువు వదిలి వెళ్లిపోయాడని తవెర్నియే చెప్పాడు. విగ్రహాలు కరగకపోవడానికి మహిమ కంటే కొలిమి వేడి చాలకపోవడం లేదా పోతగాడి మనసు పనిలో లేకపోవడం తేలికైన వివరణ. ఈ ఘట్టాన్ని ఒక మతం మీద మరొక మతం దాడిగా మాత్రమే చదివేవారు ఒక విషయం మరచిపోతున్నారు: ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారి, ఫ్రాన్స్ నుంచి వచ్చిన పోతగాడు, రేనాటి పల్లెల గుళ్ల రాగి, మొగలాయిల మీదా స్వంత ప్రభువు మీదా పనికొచ్చే ఫిరంగులు, ఇన్నీ ఒకే కొండ మీద కలిసిన కాలం అది. మీర్ జుమ్లా కొన్నేళ్లకే తన సుల్తానుతో చెడి ఔరంగజేబు పక్షం చేరి, చివరకు 1663లో బెంగాలు సుబేదారుగా మరణించాడు. అతని చేతుల్లో గండికోట ఒక మెట్టు మాత్రమే.

ఊరి మధ్య నిలబడిన జామియా మసీదు, దానికి దగ్గరలో పావురాల గోపురంగా, చార్మినారుగా జనం పిలిచే నాలుగు మూలల చిన్న కట్టడం గోల్కొండ పాలన నాటివి. గోపురమూ మినారులూ ఒకే చూపులో కనిపించే ఈ స్థలాన్ని ఛాయాచిత్రకారులు వదలరు.

మొగలాయిలు 1687లో గోల్కొండను గెలిచిన తర్వాత, గండికోట కర్ణాటక బాలాఘాట్ ప్రాంతంలోని అయిదు సర్కారులలో ఒకదానికి ముఖ్యపట్టణమైంది. మిగిలినవి సిద్ధవటం, గుత్తి, గుర్రంకొండ, కంభం. సర్కారు అంటే నేటి జిల్లాకు దగ్గరి రెవెన్యూ విభాగం. క్రమంగా కడప మయానా నవాబులు బలపడి గండికోటను తమలో కలుపుకున్నారు. మైసూరు హైదరాలీ తండ్రి ఫతే నాయక్ తొలిసారిగా పేరు తెచ్చుకున్నది గండికోట దగ్గరేనని బ్రిటిష్ గెజిటీరు నమోదు చేసింది. హైదరాలీ కోటను బాగుచేయించి కాపలా దళాన్ని ఉంచాడు. టిప్పుతో యుద్ధంలో 1791లో కెప్టెన్ లిటిల్ దీన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో కడప ప్రాంతం నిజాముకు, 1800 అక్టోబరు సంధితో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి చేతులు మారింది. నిజాము కంపెనీకి దత్తం చేసిన ఈ ప్రాంతాలకే దత్త మండలాలు అని పేరు వచ్చింది, రాయలసీమ అన్న పేరు 20వ శతాబ్దిలో స్థిరపడింది.

దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అతని ముందు ఉన్న మొదటి సమస్య పాలెగాళ్లు, అంటే కొండకోటల్లో సొంత దండుతో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ల మీద హక్కులు చలాయించే నాయకులు. దత్త మండలాల్లో అటువంటివారు 80 మంది వరకు, వారి వెంట 30,000 మంది దాకా సాయుధులు ఉన్నారని లెక్క. మన్రో పాలెగాళ్ల దండులను రద్దు చేయించి, పొలం పొలాన్ని కొలిపించి, ప్రతి రైతుతో ప్రభుత్వమే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. పాలెగాళ్ల ఆగ్రహం అంతటితో ఆరలేదు. జమ్మలమడుగుకు ఉత్తరాన నొస్సం పాలెగాళ్ల వంశానికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేయగా, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరితీశారు.

గండికోటకు నిజమైన దెబ్బ మన్రో వ్యవస్థ నుంచే తగిలింది, అది యుద్ధంలో తగిలిన దెబ్బ కాదు. కోట ఉన్నంత కాలం కింది పల్లెల శిస్తు కొండెక్కేది. సిపాయి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, బోయ, పూజారి, ముల్లా, అందరూ ఆ శిస్తు మీద బతికేవారు. రైత్వారీ వచ్చాక శిస్తు కొండ ఎక్కడం మాని తాలూకా కచేరీకి, అక్కడి నుంచి కడపకు వెళ్లింది. ఫిరంగుల బలం పెరిగిన కాలంలో కొండకోటకు సైనికంగా విలువ తగ్గింది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో మద్రాసు నుంచి బొంబాయి వైపు వేసిన రైలుమార్గం యర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోయింది. గండికోటకు దగ్గరి స్టేషను చాలాకాలం పాటు ముద్దనూరే. జమ్మలమడుగు తాలూకా కేంద్రంగా, ప్రొద్దుటూరు పత్తి, బంగారు వ్యాపారాలతో రాయలసీమలో పెద్ద అంగడిగా ఎదిగాయి. 1876-78 నాటి ధాత కరువు దత్త మండలాలను ఊడ్చిపెట్టింది. శిస్తు రాని, రైలు రాని, రేగడి లేని కొండ మీద ఎవరు ఉండగలరో వారే ఉన్నారు. ఊరు చిన్నదైపోవడానికి శాపాలూ దయ్యాలూ అక్కర్లేదు, ఈ లెక్క చాలు.

మిగిలిన ఊరికి 20వ శతాబ్దిలో కొత్త యజమాని వచ్చాడు: పురావస్తు శాఖ. రక్షిత కట్టడాల చట్టం 1958లో వచ్చింది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. పొలం మధ్య ఒంటరిగా నిలిచిన గుడికి ఈ నియమం రక్షణ కవచం. ప్రాకారం లోపలే ఇళ్లున్న గండికోట వంటి పల్లెలో మాత్రం అది గది పెంచుకోవాలన్నా గోడ ఎత్తాలన్నా ఎదురయ్యే ప్రశ్న. 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట పర్యాటకాభివృద్ధికి 77 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. ఆ డబ్బుతో లోయ అంచున కట్టే వసతులకు ఎంత ప్రాధాన్యం ఇస్తారో, ప్రాకారం లోపలి ఇళ్లకు నీరు, మురుగుకాలువ, బడి, ఉపాధి విషయంలోనూ అంతే ఇవ్వడం న్యాయం. కోటను కాపాడినది శాఖ కంటే ముందు అక్కడ దీపం పెట్టిన జనమే.

ఈ మధ్య కాలంలో ఈ నేల రూపాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చింది నీరు. గండికి దిగువన పెన్న మీద మైలవరం జలాశయం, ఎగువన గాలేరు-నగరి సుజల స్రవంతి పథకంలో భాగమైన గండికోట జలాశయం ఉన్నాయి. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. శ్రీశైలం నుంచి కృష్ణానీటిని తెచ్చి ఇక్కడ నిలిపి, పులివెందుల వైపు ఎత్తిపోతల ద్వారా, కడప వైపు కాలువల ద్వారా పంపుతారు. పులివెందుల చీనీ తోటలకు ఈ నీరు ప్రాణాధారం. దానికి బదులుగా కొండాపురం మండలంలో ఇరవైకి పైగా గ్రామాలు ముంపుకు గురయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరు ఖాళీ అయింది. ఇళ్లకూ పొలాలకూ పరిహారం లెక్కగట్టారు. గుడికట్ట, రచ్చబండ, శ్మశానం, వీధి పేరు ఏ పట్టికలోనూ లేవు. శత్రువు ఎక్కలేని కొండ మీద కాకరాజు కోట వేసిన ఊరు నిలిచింది, ఆ కోటకు శిస్తు కట్టిన ఎగువ పల్లెలు నీటి కింద ఉన్నాయి.

గండికోటకు కైఫియత్తు ఉంది, తవెర్నియే ఉన్నాడు, గెజిటీరు ఉంది. తాళ్లప్రొద్దుటూరుకూ, చుట్టుపక్కల ముంపు పల్లెలకూ అంతటి అదృష్టం లేదు. ఆ ఊళ్ల నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ముద్దనూరు, పులివెందులలకు తరలిపోయిన కుటుంబాల ఇళ్లలో పాత పట్టాలు, అడంగల్ నకళ్లు, శిస్తు రసీదులు, కరణం దస్త్రాల ముక్కలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, పెళ్లి ఫొటోలు ఇంకా ఉన్నాయి. పాఠకుల్లో అటువంటివి ఉన్నవారు పాతకాగితాలని పారేయకుండా, కనీసం ఒక నకలు తీసి, కడపలో బ్రౌన్ నివసించిన చోటనే వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయానికి అందజేయాలి. మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి అడిగినప్పుడు కరణాలు ఇచ్చినదే నేడు మనకు చరిత్ర. ముంపు ఊళ్ల విషయంలో అడగడానికి ఇప్పుడు ఎవరూ రావడం లేదు కాబట్టి, ఇవ్వవలసినవారే ముందుకు రావాలి.